ఎవరిదీ కాని రంగు కండువా

కామారెడ్డి పట్టణంలో, గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే హన్మండ్లు సేటు కట్టించిన పెండ్లిళ్ల హాలు ఒకటి ఉన్నది. ఆ హాలు గేటు వద్ద ఎర్ర తలపాగా, తెల్లని ధోవతి, నడుమున తాళంచెవుల గుత్తితో నిలబడే మనిషిని ఎరుగనివారు ఆ వీధిలో లేరు. ఆయన పేరు రామ్‌సింగ్. ఎల్లారెడ్డి దాటిన తరువాత అడవి అంచున ఉన్న ఒక లంబాడీ తండాకు ఆయన నాయక్, అనగా తండా పెద్ద. తగవు తీర్చవలసి వచ్చినా, పెండ్లి మాట కలపవలసి వచ్చినా, దేవునికి భోగ్, అనగా నిప్పులలో నైవేద్యం, చేయవలసి వచ్చినా తండావారు ఆయన రాక కోసం ఎదురుచూసేవారు. ముహూర్తాలు ఉన్న రోజులలో కామారెడ్డిలో గేటు కాపలా, లేని రోజులలో తాడ్వాయి మీదుగా బస్సు ప్రయాణం. ఆయన తల నెరిసింది ఈ రెంటి మధ్యనే.

గేటు కాపలా అనగానే చిన్న పని అని తలచరాదు. పెండ్లివారు విడిది గదులలో నగలూ పట్టుబట్టలూ ఉంచి, తాళంచెవి రామ్‌సింగ్ చేతిలో పెట్టి, వెనుదిరిగి చూడకుండా పీటల వద్దకు పోయేవారు. సొంత అల్లుని మీద లేని నమ్మకం ఆయన మీద ఉండేది. ఆ నమ్మకమే ఆయన ఆస్తి. తండాలో ఆయన మాటకు విలువ తెచ్చినదీ అదే.

రెండువేల పన్నెండవ సంవత్సరం ఎండలు ముదరకముందు, హైదరాబాదు నుండి ఒక టెలివిజన్ వారు రెండు వ్యాన్లలో తండాకు వచ్చారు. వారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు కథ రాసే అనిల అనే యువతి, రెండవవారు పనులు చక్కబెట్టే మేనేజరు.

ఇక్కడ ఆ తండా కట్టుబాటు ఒకటి తెలుపవలసి ఉన్నది. వచ్చిన మనిషి నీళ్లు తాగి, రొట్టె తిని, చేయి కడిగే వరకు ‘ఏ పని మీద వచ్చినవు’ అని అడగరాదు. అడిగితే పనిని బట్టి అన్నం పెట్టినట్టు అవుతుంది. పగవాడు వచ్చినా ఇదే వరుస. రామ్‌సింగ్ భార్య కేస్లి ఆనాడు కూడా బిందెతో ఎదురు వెళ్లి నీళ్లు ఇచ్చి, పొయ్యి మీద పెనం పెట్టింది. అయితే వచ్చినవారికి తొందర ఎక్కువ.

"తర్వాత తింటం తాత. వెలుతురు పోతది. ముందుగాల మీ దేవుని పూజ చూపించుండ్రి" అన్నాడు మేనేజరు.

వారు తినలేదు కనుక రామ్‌సింగ్ అడగలేదు. నిప్పుకణికలు పేర్చి, నెయ్యి, బెల్లపు అన్నం వాటికి సమర్పించి, చేతులు జోడించి ప్రార్థన చేశాడు. కెమెరా ఆయన ముఖానికి మూరెడు దూరంలో నిలిచింది. ఆడవారు అద్దాల రవికెలు తొడుక్కొని ఆడారు. పొద్దు వాలిన తరువాత అందరూ రొట్టె తిని చేతులు కడిగారు. అప్పుడు గాని రామ్‌సింగ్ నోరు విప్పలేదు.

"ఇంతకు ఇదంత దేనికి బిడ్డా?"

"సీరియల్ తాత! ఆదివారం ఆదివారం వస్తది. మీరంత మంచిగ కనబడుతరు" అంటూ మేనేజరు వ్యాను తలుపు వేసుకున్నాడు.

దేవుని పూజ తీసుకొని పోయినవారు దేవుని కథకే తీసుకొని పోయి ఉంటారని రామ్‌సింగ్ భావించాడు. కేస్లి మరింత ముందుకు పోయి, పిట్లం దిక్కున ఉన్న పుట్టింటివారికి, భిక్నూర్‌లో కూలికి పోయిన బంధువులకు, అందరికీ ఫోను చేసి చూడమని చెప్పింది.

ఆ భాగం వచ్చే ఆదివారం తండా అంతా రామ్‌సింగ్ వాకిట్లో టీవీ ముందు కూర్చున్నది. అది దేవుని కథ కాదు. ఒక జిల్లాలో వరుసగా జరుగుతున్న దోపిడీలు, హత్యలు, వాటిని ఛేదించే ఇన్‌స్పెక్టరు. కొంతసేపటికి తెర నల్లబడి, నిప్పులు కనిపించాయి. నిప్పుల వెనుక రామ్‌సింగ్ ముఖం కనిపించింది. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. రామ్‌సింగ్ పెదవులు కదిలాయి. ఎవరిదో బొంగురు గొంతు వినిపించింది.

"అమ్మ ఈ రాత్రికి ఇల్లు చూపించింది. కత్తులు తీయండి!"

చప్పట్లు ఆగిపోయాయి. ఆ పెదవులు నిజముగా పలికినది వేరు. చీమకు మేలు చేయి, పశువుకు మేలు చేయి, పసిబిడ్డకు మేలు చేయి, మావారికి మేలు చేయి, మావారు కానివారికీ మేలు చేయి. తాతల నాటి నుండి భోగ్‌లో అడిగేది అంతే.

"అది నీ గొంతు కాదు" అన్నది కేస్లి.

"మొఖం నాదే గద" అన్నాడు రామ్‌సింగ్.

కేస్లి లేచి టీవీ మీద తువ్వాల కప్పింది. తువ్వాల వెనుక నుండి తుపాకుల చప్పుడు వినిపిస్తూనే ఉన్నది.

కామారెడ్డిలో దాని ఫలితం త్వరలోనే తెలిసింది. తరువాతి పెండ్లిలో కుర్రవారు గేటు వద్ద గుమిగూడి, "అరె, దొంగల నాయకుడు ఈడ్నే ఉన్నడురా!" అని ఫొటోలు దిగారు. అది నవ్వులాటే కావచ్చు. కాని పెండ్లికూతురి మేనమామ బజారుకు పోయి కొత్త తాళాలు కొని తెచ్చి విడిది గదులకు వేసుకున్నాడు. ఆ తరువాత వచ్చినవారు హాలు మాట్లాడేటప్పుడే, "ఆ మనిషి ఉంటడా?" అని అడిగారు.

హన్మండ్లు సేటు చెడ్డవాడు కాడు. ధైర్యం కొంత తక్కువ. రామ్‌సింగ్‌ను పిలిపించి, ఆయన ముఖం చూడకుండా గల్లాపెట్టెను చూస్తూ మాట్లాడాడు.

"రామ్‌సింగు, నీ సంగతి నాకు తెల్వదా? కని వచ్చినోళ్లకు ఎంతమందికని చెప్పాలె? జర ఈ పెండ్లిండ్ల కాలం పోనియ్యి. తండల ఉండు."

"కాలం పోయినంక గూడ మాట పోకపోతే సేటు?"

హన్మండ్లు గల్లాపెట్టె మూత సర్దాడు. "అప్పుడు ఇంకో మనిషిని సూస్కోవాలె మరి."

రామ్‌సింగ్ నడుమున ఉన్న గుత్తిని విప్పి బల్ల మీద ఉంచాడు. తండాకు పోయి ఏమని చెప్పాలి? నాయక్‌నే నమ్మనివారు, రేపు తండా పిల్లలకు పని ఇస్తారా? ఆయనను వేధించిన ప్రశ్న అదే.

బస్టాండు పక్క సందులో స్వామిదాసు దర్జీ దుకాణం ఉన్నది. హాలు కుర్చీల ముసుగులు, వేదిక పరదాలు కుట్టేది ఆయనే. పెండ్లిళ్ల కాలంలో రామ్‌సింగ్ సంచి పట్టుకొని పోవడం చూడగానే ఆయనకు విషయం బోధపడింది.

"రా నాయక్, రా! దొంగల నాయకుడు వచ్చిండంటే కుర్సీ ఎయ్యాలె గద" అంటూ స్టూలు జరిపాడు.

"నువ్వు గూడ గట్లనే అంటవా దాసు?"

"నేను గూడ నీ గ్యాంగే! పోయిన వారం సీరియల్ సూడలేదా? మా పాస్టరు బైబిలు సంచిల గంజాయి పెట్టుకొని తిరిగిండు. అంతకుముందు దర్గా ముజావరు చాదర్ల కింద తుపాకులు దాచిండు. గుళ్లె పూజారి ఒక్కడే మంచోడు. ఆయన మొదటి వారమే సచ్చిపాయె."

రామ్‌సింగ్‌కు అంత బాధలోనూ నవ్వు వచ్చింది. "మరి ఇన్‌స్పెక్టరు?"

"ఆయనకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు. గుడికి పోడు, మసీదుకు పోడు. పుస్తకం సదివినట్టు మాట్లాడుతడు. దొంగలు మాత్రం అందరు మన తీరుగనే మాట్లాడుతరు. కల్తీ పప్పు అమ్మే యాపారిని సూసినవా? కండ్లు మూసుకొని విను, మన హన్మండ్లు సేటే!"

తరువాత స్వామిదాసు గొంతు తగ్గించాడు. "అసలు ముచ్చట సీరియల్ల చెడ్డ లీడరుది. వాని కండువలు నేనే కుట్టిన. షూటింగుకు వచ్చిన మేనేజరు ఈడ్నే బట్టలన్ని ముందలేసుకొని కూసున్నడు. ఈ రంగు వద్దు, ఫలానోళ్లకు కోపమొస్తది. ఆ రంగు వద్దు, ఫలానోళ్లు ఆఫీసు మీదికొస్తరు. ఒక్కటి గూడ పనికి రాకపాయె. ఆఖరికి వంకాయ రంగు దొరికింది. అది ఏ జెండల లేదు. గదే కుట్టుమన్నడు."

"లీడరుకు రంగు ఎతికినోళ్లు మాకెందుకు ఎతకలే?"

"మీరు ఎవరి ఆఫీసు మీదికి పోయెటోళ్లు నాయక్?"

రామ్‌సింగ్ సంచి తీసుకొని లేచాడు. బస్సు తాడ్వాయి దాటి ఎల్లారెడ్డి చేరేవరకు ఆ మాట ఆయనతో పాటు ప్రయాణం చేసింది. ఎవరికి భయపడతారో వారికి మారు రంగు వేస్తారు. ఎవరికి భయపడరో వారిని, బట్టలతో, భాషతో, దేవునితో సహా, ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి బోనులో నిలబెడతారు. అంతవరకు ఆయన కోపం ఆ బొంగురు గొంతు మీద మాత్రమే ఉండేది. ఇప్పుడు దానికి ఒక ఆకారం వచ్చింది.

తొలకరి పడకముందే రెండు వ్యాన్లు మళ్లీ తండాకు వచ్చాయి. సీరియల్‌కు మంచి పేరు వచ్చినదట. ఇన్‌స్పెక్టరు పోలీసులతో తండా మీద పడి అందరినీ కొట్టి లారీ ఎక్కించే ఘట్టం తీయవలసి ఉన్నదట. ఈ కబురు ఎల్లారెడ్డిలో చాయ్ హోటలు వద్ద పుట్టి, వ్యాన్ల కంటే ముందుగా తండాకు చేరింది. పడుచువారు కట్టెలు పట్టుకొని బయలుదేరారు. రామ్‌సింగ్ వారికి అడ్డం నిలబడ్డాడు.

"కట్టె లేపిండ్రంటే వాళ్ల కథ నిజమైనట్టే. తీస్కపోయి పొయ్యిల పెట్టుండ్రి, రొట్టెలకు పనికొస్తయి."

కట్టెలు వెనుకకు పోయాయి, మనుషులు మాత్రం పోలేదు. వ్యాన్లు తండా మొదట్లోని బోరింగు వద్ద ఆగాయి. అనిల, మేనేజరు దిగారు. కేస్లి మనసులో ఎంత మంట ఉన్నా, వరుస తప్పకుండా నీళ్ల బిందె చంకన పెట్టుకొని ఎదురు వచ్చింది. రామ్‌సింగ్ చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు."

"ఏందయ్యా, వచ్చినోళ్లకు నీళ్లియ్యద్దా?"

"ఇద్దం. ఇయ్యాల మాట ముందు, నీళ్లు తర్వాత."

అటువంటి మాట ఆ తండాలో ఎవరూ ఏనాడూ విని ఉండలేదు. వెనుకకు పోతే అతిథికి అవమానం, ముందుకు పోతే భర్తకు అవమానం. కేస్లి బిందెతో సహా అక్కడే నిలబడిపోయింది.

"ఏమైంది తాత, అందరు గరం గరమున్నరు? టీవీల మంచిగ కనబడ్డరు గద!" అన్నాడు మేనేజరు.

"కనబడ్డం. వినబడలే."

అనిల ఒక అడుగు ముందుకు వేసింది. "అంటే ఏమిటి నాయక్?"

"మొఖం నాది, మాట మీది. ఆనాడు నిప్పుకాడ నేనేం అడిగిన్నో నీకు ఎరుకనా బిడ్డా?"

ఆమె తల దించుకున్నది. "తెలియదు. గాలికి మీ గొంతు సరిగా పడలేదన్నారు. స్టూడియోలో వేరే గొంతు పెట్టారు. మాటలు... మాటలు నేనే రాశాను."

రామ్‌సింగ్ తాను అడిగినదంతా ఒక్కొక్క మాటగా తెలుగులో చెప్పాడు. అనిల మధ్యలో ఆపింది. "చీమలకు కూడానా?"

"చీమలకు గూడ. దాని పుట్ట తొక్కుకుంట తిరిగెటోళ్లం, దాని బాగు అడగకుంటే ఎట్ల?"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "ఇది కల్పిత కథ అని ముందుగాల రాస్తున్నం గద తాత!"

"మీ రాత సదివెటోళ్లు కొందరు. నా మొఖం సూసెటోళ్లు అందరు. కల్పిత కథనే అయితే లీడరు కండువకు గంత భయమెందుకు? ఎవ్వరిదిగాని రంగు ఎతికి ఎతికి కుట్టించిండ్రని దర్జీ దాసు సెప్పిండు. మాకు గూడ ఎవ్వరియిగాని బట్టలు, ఎవ్వరిదిగాని పూజ ఎతకకపోతిరా? నా గేటు పోయింది బిడ్డా. పెండ్లోళ్లు నన్ను సూసి తాళాలు కొనుక్కుంటున్నరు."

మేనేజరు జవాబు కోసం వెతకలేదు, దారి వెతికాడు. "పోదాం మేడం. పిట్లం దిక్కు ఇంకో తండ ఉన్నది."

అప్పుడు కేస్లి నోరు విప్పింది. "అది నా పుట్టిల్లు. పోండ్రి నాయనా, పోండ్రి! మీ వ్యాను కన్న ముందుగాల నా ఫోను పోతది."

వెనుక నిలబడిన ఆడవారు గొల్లున నవ్వారు. అనిల నవ్వలేదు. కొంత సమయం ఇవ్వమని అడిగి, ఫోను పలికే చోటు కోసం మిట్ట మీది మక్కచేను వద్దకు పోయింది. అక్కడ ఆమె నడుస్తూ, నిలబడుతూ, చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడటం అందరికీ కనిపించింది. ఒక్క మాటా వినిపించలేదు. ఎండ చురుకుగా ఉన్నది. కేస్లి బిందె దించలేదు.

అనిల ముఖం అంతా చెమటతో తిరిగి వచ్చింది.

"ఒక దారి ఉన్నది నాయక్. దోపిడీలు చేసింది లీడరు మనుషులు. నేరం తండా మీదికి పోవాలని మీ బట్టలు వేసుకొని తిరిగారు, మీ పూజ వీడియోకు దొంగ గొంతు అతికించారు. ఇన్‌స్పెక్టరు తండాకు వస్తాడు, కొట్టడానికి కాదు. మీ ప్రార్థనకు అర్థం అడుగుతాడు. అక్కడ ఆయనకు అనుమానం వస్తుంది, ఇలా అడిగేవాళ్లు ఆ పని ఎందుకు చేస్తారని. పైవాళ్లు ఒప్పుకున్నారు. కథలో మలుపు వస్తుందని సంతోషించారు కూడా."

మేనేజరు కంగారుపడ్డాడు. "లీడర్లు ఊకుంటరా మేడం?"

"ఏ లీడరు? ఆ రంగు ఎవరిదీ కాదు కదా!"

మేనేజరుకు కూడా నవ్వు ఆగలేదు. రామ్‌సింగ్ మాత్రం ఇంకా చేయి తీయలేదు.

"గొంతు?"

"మీదే ఉంటుంది. మీ భాషలోనే ఉంటుంది. కింద తెలుగులో అర్థం వేస్తాం."

"మరి దాసు వాళ్ల పాస్టరు సంగతి? దర్గా సంగతి?"

అనిల నుదుటి చెమట తుడుచుకున్నది. "అవి అయిపోయాయి. వాటిని నేను వెనక్కి తేలేను. ఇక ముందు రాసేటప్పుడు అడిగి రాస్తాను."

అడిగినదంతా దొరకలేదు. ఆమె అబద్ధమూ చెప్పలేదు. రామ్‌సింగ్ చేయి దించాడు. "నీళ్లు తాగు బిడ్డా" అన్నాడు. కేస్లి చెంబు ముంచి ముందుగా అనిలకు ఇచ్చింది. మేనేజరుకు ఇచ్చేటప్పుడు, "ఈసారి రొట్టె తిన్నంకనే కెమెర" అని ఆజ్ఞాపించింది. ఆయన నాలుగు రొట్టెలు తిన్నాడు.

కొన్ని వారాల తరువాత ఆ భాగం ప్రసారమైంది. టెలివిజన్ పెట్టెలో నుండి తమ భాష, తమ నాయక్ గొంతుతో, ఎవరి తుపాకీ చప్పుడూ అడ్డు రాకుండా వినిపించడం తండావారికి అదే మొదటిసారి. ముసలివారు టీవీకే చేతులు జోడించారు. కేస్లి ఈసారి పుట్టింటికి ముందుగా ఫోను చేయలేదు. అయిపోయిన తరువాత, వాళ్లే చేశారు.

నింద విన్నవారందరూ సవరణ వినరన్నది లోకరీతి. ఎల్లారెడ్డి అంగడిలో తరువాత కూడా ఒకరిద్దరు వేళాకోళం చేశారు. అయితే పక్కనున్నవారే, "మొన్నటి ఆదివారం సూడలేదార నువ్వు?" అని వారిని గదమడం కూడా జరిగింది.

ఆషాఢం వెళ్లిపోతుండగా ఒకనాడు హన్మండ్లు సేటు మోటారు సైకిలు మీద తండాకు వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అదే ప్రథమం. కేస్లి నీళ్లు ఇచ్చి, మంచం వాల్చి, రొట్టె, ఎర్రకారం ముందు పెట్టింది.

"రామ్‌సింగు, నేను సెప్పొచ్చేదేందంటే..."

"తిను సేటు. ముందుగాల తిను."

"తింట. కని నేను వచ్చిన పని..."

కేస్లి ఇంకొక రొట్టె వేసింది. సేటు నోరు తెరిచినప్పుడల్లా ఒక రొట్టె పడింది. చివరకు ఆయన రెండు చేతులతో పళ్లెం కప్పుకున్నాడు. "అవ్వ, ఇంకొకటి పడితే నేను బండి నడపలేను!"

చేయి కడిగిన తరువాత సేటు గొంతు మారింది. "గంజ్‌ల నన్ను కల్తీ పప్పు సేటు అంటున్నరు రామ్‌సింగు. సీరియల్ల యాపారిది అచ్చం నా మాటేనట. కొననీకి వచ్చినోడు పప్పు నోట్లేసుకొని, నా మొఖం సూస్తడు. నేను ఏనాడన్న కల్తీ చేసిన్నా?"

"చెయ్యలే సేటు."

"నువ్వు ఏనాడన్న దొంగతనం చేసినవా? లేదు. అది నాకు ఎరుకనే. ఎరుకుండి గూడ గేటు మూసిన." ఆయన జేబులోని గుత్తి తీసి మంచం మీద పెట్టాడు. "శ్రావణంల లగ్గాలున్నయి. రా."

"పెండ్లోళ్లు అడిగితే?"

"నేనే చెప్త. గేటుకాడ నిలబడి చెప్త."

అన్నమాట ప్రకారం శ్రావణమాసపు మొదటి లగ్గం నాడు హన్మండ్లు గేటు వద్ద నిలబడ్డాడు. చెప్పవలసిన మాటలు కంఠస్థం చేసుకొని వచ్చాడు గాని, బాజాల హోరులో ఒక్కటీ బయటకు రాలేదు. అంతలో భిక్నూర్ నుండి వచ్చిన పెండ్లివారిలో భూమక్క అనే పెద్దావిడ కర్ర తాటిస్తూ వచ్చి, రామ్‌సింగ్‌ను కాళ్ల నుండి తలపాగా దాకా చూసింది.

"టీవీలది నువ్వేనా?"

హన్మండ్లు ముందుకు ఉరికాడు. "అవ్వా, ఈయన మంచోడు, నేను..."

"నిన్నడగలే, జరుగు." ఆమె చూపు రామ్‌సింగ్ మీదనే ఉన్నది. "నువ్వేనా అని."

"నేనే అవ్వ."

"చీమల మంచి గూడ అడుగుతవట?"

"అడుగుత."

"మీవోళ్లు కానోళ్లకు గూడ అడుగుతవట?"

"అడుగుత అవ్వ. మా పెద్దోళ్లు గట్లనే నేర్పిండ్రు."

భూమక్క చుట్టూ చూసి, ఆయన చెవి వద్దకు వంగింది. బాజాలు మోగుతున్నందున ఆమె గుసగుస గేటు అవతల వరకు వినిపించింది.

"అయితె మల్ల నిప్పుల కాడ కూసున్నప్పుడు, మా చిన్నల్లుని గురించి గూడ ఒక మాట అడుగు. తాగుడు బంద్ చేస్తే సాలు."

హన్మండ్లు నోరు తెరిచినది తెరిచినట్టే ఉన్నది. రామ్‌సింగ్ నవ్వు ఆపుకొని, దేవుని ముందు నిలబడినంత శ్రద్ధగా తల వంచాడు.

"తప్పకుండ అడుగుత అవ్వ. అల్లుని పేరేంది?"